గోల్‌కీపరు గోర్డన్ బ్యాంక్స్

ఫుట్‌బాల్ ఆటయందు ఒక్కొక్క పక్షమున పదునొకరు ఆటగాండ్రుందురు. వారిలో పదిమంది బంతిని కాలితో తన్నుచు మైదానమంతయు పరుగులిడుదురు. మిగిలిన ఒక్కడు తన పక్షపు గోలు ముందు నిలిచి కావలి కాయును. అతడే గోల్‌కీపరు. ఆ గోలు 24 అడుగుల వెడల్పును 8 అడుగుల ఎత్తును గలది. అందులోనికి బంతి చొరకుండ కాచుట అతని విధి. తన హద్దులో బంతిని చేతులతో పట్టుకొను అధికారము అతనికొక్కనికే కలదు. ముందువరుస ఆటగాడు పదిసార్లు గురి తప్పినను, ఒక్కసారి గోలు కొట్టినచో జనులు జయజయధ్వానములు చేయుదురు. గోల్‌కీపరు పదిసార్లు బంతిని ఆపి ఒక్కసారి పొరబడినచో, ఓటమి భారమంతయు అతని తలపై పడును. ఇట్టి కఠినమైన స్థానమున నిలిచి, లోకమున అత్యుత్తములలో ఒకడని పేరొందినవాడు ఇంగ్లండు దేశీయుడైన గోర్డన్ బ్యాంక్స్.

గోర్డన్ 1937వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన షెఫీల్డు నగరమున జన్మించెను. ఉక్కు పరిశ్రమకు ఆ నగరము పెట్టినది పేరు. అతని తండ్రి లోహమును కరగించి పోతపోయు కార్ఖానాలో పనివాడు. కుటుంబము సంపన్నమైనది కాదు. పదునైదవ యేట గోర్డన్ పాఠశాలను విడిచి, ఒక బొగ్గుల వర్తకుని కడ సంచులకు బొగ్గు నింపు పనిలో చేరెను. పగలెల్ల బరువులెత్తుటవలన అతని భుజములకును చేతులకును చక్కని బలము చేకూరెను. కొంతకాలమునకు ఇటుకలు పేర్చు తాపీపని నేర్చుకొనసాగెను.

ఒకనాడతడు మిల్స్‌పా అను ఉక్కు కార్ఖానా జట్టువారి ఆట చూడబోయెను. ఆనాడు ఆ జట్టు గోల్‌కీపరు రాలేదు. ఎవరో గోర్డనును గుర్తించి, గోలులో నిలువుమని కోరిరి. అతడు వెంటనే అంగీకరించెను. ఆ ఆట చూచినవారు అతనిని మెచ్చుకొనిరి. అంతట రామార్ష్ అను మరికొంత పెద్ద జట్టు అతనిని పిలిచెను. కాని అచ్చట ఆడిన మొదటి ఆటలోనే ఎదుటి పక్షమువారు 12 గోల్సు కొట్టిరి. స్వల్పకాలములోనే ఆ జట్టు అతనిని తొలగించెను. మరియొక బాలుడైనచో సిగ్గుపడి ఆటకు స్వస్తి చెప్పియుండును. గోర్డన్ మారుమాటాడక మిల్స్‌పా జట్టునకు తిరిగివచ్చి, మరల గోలులో నిలిచెను. అచ్చట అతని ఆట చూచిన చెస్టర్‌ఫీల్డు క్లబ్బువారు 1953లో వారమునకు మూడు పౌండ్ల వేతనముపై అతనిని చేర్చుకొనిరి.

చెస్టర్‌ఫీల్డు క్లబ్బు రెండవ జట్టు బలహీనమైనది. తమకంటె మిక్కిలి గొప్పవైన క్లబ్బుల జట్లతో అది ఆడవలసియుండెను. 1954-55 సంవత్సరపు పోటీలలో ఆ జట్టు మూడే ఆటలు గెలిచెను. గోర్డన్ కాచిన గోలులో 122సార్లు బంతి పడెను. ఆ దుస్థితియే అతనికి పాఠశాలయయ్యెను. బలమైన జట్టు గోల్‌కీపరు ఒక నెలలో ఎదుర్కొను తాకిడులను గోర్డన్ ఒక్క ఆటలో ఎదుర్కొనుచుండెను. పడిన ప్రతి గోలును గూర్చియు అతడాలోచించెడివాడు. నిలిచిన చోటు తప్పా, కదిలిన క్షణము తప్పా అని తన్ను తానే ప్రశ్నించుకొనెడివాడు. నడుమ నిర్బంధ సైనికసేవకై జర్మనీకి వెళ్లివచ్చెను. 1958 నవంబరులో చెస్టర్‌ఫీల్డు మొదటి జట్టున అతనికి చోటు లభించెను. మరుసటి యేడు లెస్టర్ సిటీ క్లబ్బు 7,000 పౌండ్లు చెల్లించి అతనిని తీసికొనెను.

ఆ దినములలో గోల్‌కీపర్లకు ప్రత్యేక శిక్షకులుండుట మిక్కిలి అరుదు. అందరితోపాటు పరుగెత్తుటయు, వ్యాయామము చేయుటయు తప్ప వారికి వేరు శిక్షణ లేదు. బ్యాంక్స్ ఆ లోటును తానే పూరించుకొనెను. తక్కిన ఆటగాండ్రు ఇండ్లకు మరలిన పిమ్మట అతడు మైదానముననే యుండెడివాడు. యువకులను బతిమాలి నిలిపి, పలువైపులనుండి గోలులోనికి బంతులు తన్నించుకొనెడివాడు. ఎత్తుగా వచ్చు బంతిని ఎచ్చటికి వెళ్లి అందుకొనవలెనో, నేలబారుగా వచ్చు బంతికి ఎట్లు దుమకవలెనో వేలసార్లు అభ్యసించెను.

అన్నిటికంటె ముఖ్యముగా అతడు కోణముల విద్యను సాధించెను. ఒక గదిలో దీపము వెలుగుచున్నదనుకొందము. గోడ దగ్గర చేయి యుంచినచో దాని నీడ చిన్నదిగా నుండును. ఆ చేతినే దీపమునకు దగ్గరగా జరిపినకొలది నీడ పెరిగి గోడనంతయు కప్పును. బంతిని దీపమనియు, గోలును గోడయనియు, గోల్‌కీపరును చేయియనియు భావింపవలెను. గోల్‌కీపరు గీతపైననే నిలిచినచో ఇరువైపుల విశేషముగా చోటు మిగులును. బంతివైపు ముందునకు జరిగినకొలది ఆ చోటు తగ్గిపోవును. కాని మిక్కిలి ముందునకు జరిగినచో బంతిని తలమీదుగా దాటించుట ఎదుటివానికి సులభమగును. ఎంత దూరము జరుగవలెను, ఎచ్చట ఆగవలెను అను నిర్ణయము కనురెప్పపాటులో చేయవలెను. చూచువారికి అది అదృష్టమువలె తోచును. నిజమునకది అభ్యాసఫలము.

1963 ఏప్రిల్‌లో స్కాట్లండుతో జరిగిన ఆటలో బ్యాంక్స్ తొలిసారి ఇంగ్లండు జాతీయ జట్టున ఆడెను. ఆ ఆటలో ఇంగ్లండు ఓడిపోయెను. లెస్టర్ పక్షమున అతడు 1961లోను, 1963లోను ఎఫ్.ఎ. కప్పు అంతిమపోటీలలో ఆడి రెండుసార్లును ఓడెను. అయినను శిక్షకుడు ఆల్ఫ్ రామ్సే అతనియందు నమ్మకము విడువలేదు. 1966లో ప్రపంచ కప్పు పోటీలు ఇంగ్లండుననే జరిగినవి. ఉరుగ్వే, మెక్సికో, ఫ్రాన్సు, అర్జెంటీనా జట్లలో ఒక్కటియు బ్యాంక్సును దాటి గోలు కొట్టలేకపోయెను. పోర్చుగల్‌తో జరిగిన ఆటలో యుసేబియో కొట్టిన పెనాల్టీయే అతని గోలున పడిన మొదటి బంతి. జూలై 30వ తేదీన లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండు 4-2 గోల్సుతో పశ్చిమ జర్మనీని ఓడించి ప్రపంచ కప్పును గెలుచుకొనెను. ఇంగ్లండు బ్యాంకులో దాచిన ధనమువలె బ్యాంక్స్ చేతిలో గోలు భద్రమని ఆ దేశీయులు చమత్కరించెడివారు.

అయినను మరుసటి యేడే లెస్టర్ క్లబ్బు అతనిని స్టోక్ సిటీ క్లబ్బునకు 50,000 పౌండ్లకు అప్పగించెను. పీటర్ షిల్టన్ అను పదునేడేండ్ల గోల్‌కీపరు అచ్చట ఎదిగివచ్చియుండుటయే అందులకు కారణము. కాలాంతరమున ఆ షిల్టన్ ఇంగ్లండు పక్షమున 125 ఆటలాడి ఘనత గాంచెను. అప్పటికి బ్యాంక్స్ వయస్సు 29 సంవత్సరములు. ప్రపంచ విజేతయగు తన్ను వలదనినందులకు మనసు నొచ్చియుండును. అయినను అతడు క్రొత్త క్లబ్బులో పాత అభ్యాసమును యథావిధిగా కొనసాగించెను.

1970లో ప్రపంచ కప్పు పోటీలు మెక్సికో దేశమున జరిగినవి. జూన్ 7వ తేదీన గ్వాడలహారా నగరమున ఇంగ్లండు బ్రెజిల్‌ను ఎదుర్కొనెను. ఆట ఆరంభమై పది నిమిషములైనది. బ్రెజిల్ ఆటగాడు జైర్జిన్యో కుడివైపు గీతదాక దూసుకొనిపోయి, బంతిని గోలు ముందునకు ఎత్తుగా పంపెను. అచ్చట పీలే ఆకాశమున కెగిరి, తలతో బంతిని బలముగా క్రిందికి కొట్టెను. బంతి గోలు మూలకు దూసుకొనిపోవుచుండెను. గోలు పడినదే యని పీలే కేక వేసెను. బ్యాంక్స్ ఆ క్షణమున గోలు రెండవ కొసన నుండెను. అతడు అడ్డముగా పరుగిడి తన కుడివైపునకు దుమికెను. బంతి గట్టినేలను తాకి పైకి లేచునని గ్రహించి, అది లేచు చోటికే చేయి చాచెను. బంతి కుడిచేతికి తగిలి గోలుపై కమ్మీ మీదుగా ఆవలకు పోయెను. లక్షల కన్నులు తాము చూచినదానిని తామే నమ్మలేకపోయినవి. ఆ ఆటలో తుదకు బ్రెజిలే 1-0 తో గెలిచెను. అయినను ఆనాటి గోలు కంటె, ఆగిన ఆ బంతినే లోకము ఎక్కువగా జ్ఞాపకముంచుకొనెను.

తరువాతి ఘట్టమున పశ్చిమ జర్మనీతో ఆడవలసియుండగా బ్యాంక్స్ ఉదరవ్యాధితో మంచముపట్టెను. అతని స్థానమున పీటర్ బొనెట్టీ నిలిచెను. రెండు గోల్సు ముందంజలో నున్న ఇంగ్లండు 3-2 తో ఓడిపోయి ఇంటిదారి పట్టెను. ఆ ఓటమిని బ్యాంక్స్ ఆటగానిగా గాక ప్రేక్షకునిగా భరింపవలసివచ్చెను.

1972లో స్టోక్ క్లబ్బు వెంబ్లీలో చెల్సీ జట్టును ఓడించి లీగ్ కప్పును సాధించెను. ఆ ప్రాచీన క్లబ్బునకు అదియే మొదటి గొప్ప విజయము. అంతకు ముందటి పోటీలో జెఫ్ హర్స్ట్ కొట్టిన పెనాల్టీని బ్యాంక్స్ ఆపియుండకున్నచో ఆ విజయమే లేదు. 1966 అంతిమపోటీలో మూడు గోల్సు కొట్టిన తన మిత్రుడే ఆ హర్స్ట్. ఆ యేడు ఇంగ్లండు క్రీడావిలేఖరులు బ్యాంక్సును ఉత్తమ ఆటగానిగా ఎన్నుకొనిరి.

అతని కీర్తి శిఖరమందున్న వేళ పిడుగు పడెను. 1972 అక్టోబరు 22వ తేదీన అతడు నడుపుచున్న కారు మరియొక వాహనముతో ఢీకొనెను. గాజుముక్కలు ముఖమున గ్రుచ్చుకొనినవి. వైద్యులెంత శ్రమించినను కుడికంటికి చూపు రాలేదు. బంతి ఎంత దూరమున నున్నదో తెలియుటకు రెండు కన్నులును కావలెను. ఒంటికంటితో కదలు బంతిని అంచనా వేయుట మిక్కిలి కష్టము. దేశము పక్షమున 73 ఆటలాడిన బ్యాంక్స్, 1973లో ఇంగ్లండునందు ఆటనుండి విరమించెను. అప్పటికి అతనికి ముప్పదియైదేండ్లే.

స్టోక్ క్లబ్బున బాలురకు ఆట నేర్పుచు అతడు కొంతకాలము గడపెను. కాని గోలులో నిలువవలెనను కోరిక చావలేదు. 1977లో అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ జట్టు అతనిని పిలిచెను. బ్యాంక్స్ మరల చేతితొడుగులు ధరించెను. నలువదేండ్లకు చేరువగానున్న ఆ ఒంటికంటి ఆటగాడు, ఆ సంవత్సరము అచ్చటి లీగులో ఉత్తమ గోల్‌కీపరు బహుమానమును పొందెను. తొలినాడు 12 గోల్సు పడినప్పుడు తిరిగి నిలిచిన బాలుడే ఇప్పుడును తిరిగి నిలిచెను.

2008లో స్టోక్ మైదానము కడ అతని విగ్రహము నెలకొల్పబడినది. ఆ ఉత్సవమునకు పీలే స్వయముగా వచ్చెను. తన గోలును ఆపినవానికి ప్రత్యర్థి చూపిన గౌరవమది. 2019 ఫిబ్రవరి 12వ తేదీన, 81వ యేట బ్యాంక్స్ కన్నుమూసెను.

పీలే బంతిని ఆపుటకు పట్టినది క్షణకాలము. ఆ క్షణము వెనుక బొగ్గుసంచుల బరువు కలదు. 122 గోల్సు నేర్పిన పాఠము కలదు. నిర్జనమైన మైదానమున చేసిన సాధన కలదు. బ్యాంక్సునకును ఎన్నియో గోల్సు పడినవి. బంతి వెనుక వలలో పడిన ప్రతిసారి దానిని తీసి ముందునకు విసరి, తరువాతి బంతికై సిద్ధముగా నిలుచుటయే అతని గొప్పతనము.

ప్రశ్నలు

1. చెస్టర్‌ఫీల్డు రెండవ జట్టులో పడిన కష్టము బ్యాంక్సునకు ఎట్లు మేలు చేసెను?
2. దీపము, చేయి, నీడ అను ఉపమానముతో కోణముల విద్యను వివరింపుము.
3. పీలే కొట్టిన బంతిని బ్యాంక్స్ ఆపిన విధమును వర్ణింపుము.
4. "తిరిగి నిలిచెను" అను మాట బ్యాంక్స్ జీవితమున ఏయే సందర్భములకు వర్తించును?