బండి ఊగుతోందా? పానా మీరే పట్టండి!

గిద్దలూరులోనో, మార్కాపురంలోనో పికప్ నడుపుకుంటూ ఇల్లు నెట్టుకొస్తున్నారా? అయితే ఈ మాటలు మీకోసమే.

నల్లమల ఘాట్‌లో లోడుతో నంద్యాల వైపు వెళ్తున్నారు. మలుపు దాటాక కూడా వెనక భాగం ఊగుతూనే ఉందా? బ్రేక్ వేస్తే ముందు భాగం కిందికి కుంగుతోందా? టైరు గుంటలు గుంటలుగా అరుగుతోందా? షాక్ అబ్జార్బర్లను అనుమానించండి.

అవి ఒక్కరోజులో పాడవవు. నెలల తరబడి కొంచెం కొంచెంగా నీరసిస్తాయి. మనమూ కొంచెం కొంచెంగా సర్దుకుపోతాం. తప్పంతా రోడ్డు మీదికి నెట్టేస్తాం. ఈ సర్దుకుపోయే అలవాటే మీ అసలు శత్రువు. ఈరోజే వదిలేయండి.

బండి కిందికి వంగి చూడండి. షాక్ ఒంటి మీద ఆయిల్ కారి, దానికి దుమ్ము పట్టి, నల్లటి మడ్డి పేరుకుందా? రబ్బరు బుష్ పగిలి ఇనుము ఇనుముకు తగులుతోందా? ఇంక ఆలోచించకండి. మార్చేయండి.

బరువు మోసేది షాక్ కాదు, కమాన్ కట్టలు. ఆ కట్టల ఊపును ఆపేది షాక్. లోపల పిస్టన్‌కు సన్నటి రంధ్రాలుంటాయి. ఆయిల్ వాటిలోంచి కష్టపడి దూరాలి. ఆ కష్టంలోనే ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. సీల్ పోయి ఆయిల్ కారిపోతే ఊపుకు అడ్డే ఉండదు. దీన్ని అర్థం చేసుకున్నవాళ్లు పనికి భయపడరు.

కమాన్ కట్టల బండికి వెనక షాక్‌లు మీరే మార్చగలరు. ఇలా చేయండి:

1. రెండువైపులవీ ఒకేసారి కొనండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి నిలకడగా ఉండదు.

2. ముందురోజు సాయంత్రమే నట్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టండి. సగం పని రాత్రే అయిపోతుంది. ఓపిక అంటే ఇదే.

3. చదునైన నేల మీద ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. బండి ఎత్తాల్సి వస్తే ఇరుసు కింద స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకండి. ఇందులో రాజీ లేదు!

4. పైనా కిందా నట్లు విప్పి పాతది తీయండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పేముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

5. కొత్తది ఆయిల్ షాక్ అయితే నిలబెట్టి నాలుగైదుసార్లు నొక్కి లాగండి. లోపలి గాలి పోతుంది. మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోకండి. గీత పడితే సీల్ కోసుకుపోతుంది.

6. అదే వరసలో వాషర్లు వేసి కొత్తది తగిలించండి. చివరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. ముందు వైపు కాయిల్ స్ప్రింగ్‌తో కలిసిన స్ట్రట్ ఉంటే విప్పకండి. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణం మీదికొస్తుంది. అది సరైన టూల్ ఉన్న మెకానిక్ పని. చక్కగా ఆయనకే ఇవ్వండి.

పని అయ్యాక ఖాళీ బండితో ఊరి చుట్టూ ఒక రౌండ్ వేయండి. ఆ తర్వాతే లోడు. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నిటికీ మళ్లీ పానా వేసి చూడండి. అంతవరకూ పని పూర్తయినట్టు లెక్క కాదు.