అరకుకి ఒక్క రోజు చాలదు

సందేహం: సంక్రాంతి సెలవుల్లో విశాఖ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి, బొర్రా గుహలు, అరకు చూసుకుని రాత్రికి తిరిగి వచ్చేద్దామనుకుంటున్నాం. కుదురుతుందా?
- ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: కుదురుతుందండీ. కానీ ఆ రోజంతా కార్లోనే గడిచిపోతుంది. రోడ్డు దారిన విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, అందులో చాలా భాగం ఘాట్ మలుపులే. రెండు రాత్రులు పెట్టుకోండి. వెళ్లేటప్పుడు పొద్దుటి కిరండూల్ రైలెక్కండి. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. దారిలో 50కి పైగా సొరంగాలు. చీకట్లోకి దూరగానే పిల్లలు కేకలు పెడతారు, వెలుగులోకి రాగానే కింద లోయ కనిపించి అందరూ కిటికీల దగ్గరికి చేరతారు. సెలవు రోజుల్లో అద్దాల బోగీలో సీటు దొరకడం కష్టం కాబట్టి టికెట్టు ముందే తీసుకోండి.

బొర్రా గుహల స్టేషన్లో దిగి గుహలు చూసుకుని, అక్కణ్నుంచి అరకుకి రోడ్డు మీద వెళ్లండి. కాఫీ తోటలు, గాలికొండ ఆ దారిలోనే తగులుతాయి. జనవరిలో కాఫీ కోతలు ఇంకా సాగుతుంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకుని మిరియాల తీగలు. తోటవాళ్లను అడిగి ఒక్క ఎర్ర పండు కోసుకుని చప్పరించి చూడండి. తొక్క కింద పల్చటి తియ్యటి గుజ్జు, లోపల జిగురుతో ఒకదానికొకటి ముఖం ఆనించుకున్న రెండు గింజలు. అందులో కాఫీ వాసన ఏమాత్రం ఉండదు. ఎండబెట్టి, వేయించాకే ఆ వాసన వస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు కాఫీ ఇదే. కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. మిరియాలు, తేనె కూడా అక్కడ దొరుకుతాయి.

సందేహం: మా అమ్మకి డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బొర్రా గుహలు దిగగలదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: లోపల మెట్లు ఎక్కువమ్మా, తడిగా ఉంటాయి కూడా. గుహ ముఖద్వారం దగ్గర నిలబడి చూసినా ఆ ఎత్తు, ఆ చల్లదనం ఆమెకు తెలుస్తాయి. అంతకు మించి దింపకండి. చేతిలో తినేవి ఉంచుకోనివ్వకండి, అక్కడ కోతులు లాక్కుపోతాయి. అరకులో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం ఆమె నెమ్మదిగా నడిచి చూడగలిగినవే.

సందేహం: అరకులో బస చేసి, తెల్లారేసరికి లంబసింగి మంచు చూడొచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: వద్దు. మధ్యలో పాడేరు, చింతపల్లి ఉన్నాయి. చలికాలంలో అర్ధరాత్రి ఘాట్‌లో పొగమంచు కమ్మితే నాలుగడుగుల ముందు రోడ్డు కూడా కనబడదు. లంబసింగికి నర్సీపట్నం వైపు నుంచి వేరే ప్రయాణం పెట్టుకోండి. మేఘాలే చూడాలంటే పాడేరులో రాత్రి ఆగి, తెల్లవారుజామున వంజంగి కొండెక్కండి.

సందేహం: పసుపు పచ్చని పూల చేలల్లో ఫోటోలు దిగాలని మా పిల్లల కోరిక. ఎప్పుడు రావాలి? టికెట్టు ఉంటుందా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అవి వలిసె పూలమ్మా, నవంబరు, డిసెంబరు నెలల్లో విరగబూస్తాయి. ఒక్క మాట మాత్రం పిల్లలకి ముందే చెప్పండి. అది తోట కాదు, చేను. ఆ పువ్వు రాలాక నల్లటి సన్న గింజ కడుతుంది, దాన్నుంచే నూనె తీస్తారు. వలిసె కాడ గుల్లగా ఉంటుంది, మోకాలు తగిలితే పుటుక్కున విరుగుతుంది. ఒక్కొక్కరూ రెండడుగులు లోపలికి వేసినా, ఆదివారం సాయంత్రానికి చేను మధ్యలో కాలిబాట పడిపోతుంది. అలా పడుకున్న మొక్కల్ని లేవదీయబోయి కుదరక వదిలేసిన ఆడమనిషిని సుంకరమెట్ట దగ్గర చూశాను. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. నాకే ఆ పూట అన్నం సహించలేదు. ఇప్పుడు చాలామంది రైతులు చేలోనే దారి విడిచి, మనిషికింత అని తీసుకుంటున్నారు. అడిగినంతా ఇవ్వండి, బేరం ఆడకండి. దారి లేని చేనైతే గట్టు మీదే నిలబెట్టి ఫోటో తీయండి, వెనకంతా పసుపే పడుతుంది.