గెలుపు బియ్యం కొలిచే గ్లాసు దగ్గరే

అన్నం తగ్గించాలని మీరు ఎన్నోసార్లు అనుకునే ఉంటారు. తీరా మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, వేడివేడి అన్నం ఎదురుగా కనిపిస్తే ఏ నిర్ణయమైనా నిలుస్తుందా? ఆకలి మీద ఉన్నప్పుడు మనసుతో కుస్తీ పట్టకండి. బియ్యం డబ్బా మూత తీసినప్పుడే తేల్చుకోండి. రోజూ మూడు గ్లాసులు పోసే ఇంట్లో రెండున్నరే పోయండి. తగ్గిన అర గ్లాసుకు బదులు ఓ గుప్పెడు కందిపప్పు, ఓ పావు కిలో బీరకాయలో బెండకాయలో ఎక్కువ వండండి. కుక్కరులో లేని అన్నం కంచంలోకి రాదు.

ఇంత పట్టు ఎందుకంటారా? షుగరు జబ్బుపై దేశవ్యాప్తంగా జరిగి, 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. షుగరు ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. ఆ సర్వే ఆధారంగానే 2025లో మరో సంగతి తేలింది. మనం తినేదాంట్లో 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నా షుగరు ముప్పు తగ్గుతుందన్న సూచనేమీ కనిపించలేదు. పిండిపదార్థాన్నే కొంత తగ్గించి, ఆ చోటు పప్పుకో పెరుగుకో ఇస్తే మాత్రం ముప్పు తక్కువగా కనిపించింది. రాత్రి అన్నం మానేశామని నాలుగు చపాతీలు తినేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన భోజనంలో ఇంకో చిక్కుంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి, పెరుగులోకి మళ్లీ అన్నమే. ఈ నాలుగింటిలో ఒక్కదాన్ని అన్నం లేకుండా తీసుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగితే ఎంత బాగుంటుందో! పెరుగు గిన్నెలో వేసుకుని తినండి. కూర, పప్పు ముందు నాలుగు చెంచాలు తిని, ఆ తర్వాతే అన్నం కలపండి. అప్పుడు రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. రోజుకు 2000 కేలరీలు చాలినవారికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ఇది: వండకముందు తూకంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు. మన కంచాల్లో ఇది తలకిందులైంది.

అన్నంతోపాటు ఉప్పు మీదా ఓ కన్నేయండి, రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, చల్లమిరపకాయలు మూడూ ఒకే పూట వద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ మార్పులు డాక్టరును అడిగాకే చేయాలి.

బంధువుల ఇళ్లలో ‘చాలు’ అంటే వినరు, మారు వడ్డించేస్తారు. ‘అన్నం వద్దు పిన్నీ, ఆ వంకాయ కూర ఇంకొంచెం వెయ్యి’ అనండి. ఆవిడా సంతోషిస్తుంది, మీ మాటా నెగ్గుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వండిన మనిషి కంచం. అందరూ తిన్నాక ఆమె కూర్చునేసరికి కూర గిన్నె ఖాళీ. మిగిలిన అన్నం పారేయలేక, పచ్చడి కలుపుకుని తినేస్తుంది. ఆ ఇంట్లో అందరికన్నా నాసి భోజనం ఆమెదే. రేపటి నుంచి అందరూ ఒకేసారి కూర్చోండి. కుదరకపోతే, పొయ్యి మీంచి దించగానే ఓ గిన్నెడు కూర ఆమెకు తీసిపెట్టి, ఆ తర్వాతే మీరు వడ్డించుకోండి.