దూరదర్శినిపై మంచు

మార్గశిర పుష్యమాసములలో ఆరుబయట మంచము వేసికొని పరుండినవారి దుప్పటి తెల్లవారుసరికి తడిసియుండును. వేపచెట్టు క్రిందనో, పంచలోనో పరుండినవారి దుప్పటికి అంత తేమ అంటదు. ఈ సంగతి మన పల్లెలలో ఎరుగనివారు లేరు. నేనును ఎరుగుదును. అయినను అది సమయమునకు స్ఫురింపక, ఒకనాడు పిల్లలను నిరాశపరచితిని.

2011వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించినది. అప్పుడు నేను గిద్దలూరు ప్రాంతమున, చెరువుకట్ట దాపుననున్న ఒక పాఠశాలలో పనిచేయుచుంటిని. మూడంగుళముల కటకముగల చిన్న దూరదర్శినిని సాయంకాలము ఆరు గంటలకే ఆవరణములో నిలిపితిమి. రాత్రి 7 గంటల 36 నిమిషములకు చంద్రుడు పూర్తిగా భూమినీడలో మునిగి రాగివన్నె దాల్చెను. ఆ స్థితి యుండునది 51 నిమిషములు మాత్రమే. పిల్లలు బారులు తీరిరి. పదిమంది చూచిన పిమ్మట ఒక బాలిక, "సార్, చంద్రుడు మాసిపోయినాడు" అనినది. గ్రహణము ముదిరినదనుకొని, "అట్లే యుండునమ్మా" అని తరువాతివానిని పిలిచితిని! కొంతసేపటికి అనుమానము కలిగి టార్చిలైటు వేసి చూడగా, కటకము ఆవిరి పట్టిన అద్దమువలె నుండెను. కండువాతో తుడిచితిని. అది రెండవ పొరపాటు. తడితోపాటు దుమ్ము రాచుకొని కటకముపై సన్నని గీతలు పడినవి. ఐదు నిమిషములకు మంచు మరల పట్టినది. బారు సగము కదలకముందే చంద్రుని అంచు తెల్లబడినది.

"మంచు కురిసినది" అని మనము వాడుకగా అందుము. కాని ఈ మంచు వానవలె పైనుండి పడునది కాదు. గాలిలో కంటికి కానరాని నీటియావిరి యుండును. ఏ వస్తువైనను ఒకానొక ఉష్ణోగ్రతకంటె చల్లబడినచో, దానిని తాకిన ఆవిరి బిందువులుగా మారును. ఆ ఉష్ణోగ్రతయే తుషారస్థానము. అయితే కటకము చుట్టునున్న గాలికంటెను చల్లబడుట ఎట్లు? ఆకాశమునకు ఎదురుగానున్న వస్తువు తన వేడిమిని వికిరణరూపమున పైకి వదలుచుండును. మేఘములున్నచో కొంత వేడిమి తిరిగి వచ్చును. నిర్మలాకాశమునుండి వచ్చునది స్వల్పము. లండనులో వైద్యుడైన విలియం చార్లెస్ వెల్స్ ఉన్నిపోగులను ఆరుబయటను, పలకబల్ల క్రిందను ఉంచి తూచి, ఈ రహస్యమును 1814లో గ్రంథముగా ప్రకటించెను. మీరును పరీక్షింపవచ్చును. మార్కాపురపు రాతిపలకలు రెండు తీసికొని, శీతకాలపు రాత్రి ఒకదానిని ఆరుబయట మంచముపైనను, రెండవదానిని దాని క్రిందను ఉంచి ఉదయమున చూడుడు.

మనది వానలు తక్కువైన మెట్టసీమ గదా, ఇచ్చట మంచు బాధ ఏమని కొందరందురు. నక్షత్రములు చూచుటకు ఏ రాత్రి మేలైనదో, మంచు పట్టుటకును ఆ రాత్రియే అనుకూలమైనది!

కనుక కటకమునకు కనబడు ఆకాశమును తగ్గింపవలెను. కటకపు వ్యాసమునకు ఒకటిన్నర లేక రెండు రెట్లు పొడవుగల గొట్టమును దాని ముందు తొడుగవలెను. రేకు తానే త్వరగా చల్లబడును గాన దళసరి అట్టయో, నురుగుచాపయో మంచిది. లోపల నల్లరంగు పూయవలెను. గొట్టము చాలని రాత్రులలో కటకపు అంచుచుట్టు బ్యాటరీతో వేడెక్కు పట్టీ కట్టుదురు. ఆ వేడిమి స్వల్పముగా ఉండవలెను. అధికమైనచో బింబము వణకును. అద్దపు దూరదర్శినిలో పెద్ద దర్పణము గొట్టపు అడుగున దాగియుండును. అందుచేత ముందుగా మంచు పట్టునవి చిన్న దర్పణమును, కంటికటకమును. కంటికటకమును వాడనప్పుడు జేబులో నుంచుకొనుట సులువు. నోటియావిరి దానిపై తగులనీయరాదు. పని ముగిసిన తరువాత మూత పెట్టియే పరికరమును ఇంటిలోనికి తేవలెను. లేకున్న ఇంటిగాలిలోని తేమ దానిపై పేరుకొనును. మంచు పట్టినచో తుడువక, వెచ్చని గాలితో ఆరనీయవలెను.

2018 జనవరి 31న మరల సంపూర్ణ గ్రహణము వచ్చినది. గీతలు పడిన ఆ కటకమునకే అట్టగొట్టము తొడిగితిమి. గ్రహణము విడుచువేళకు గొట్టము వెలుపల వ్రేలితో పేరు వ్రాయదగినంత తడి. టార్చిలైటు వేసి లోపలికి చూచితిని. కటకము పొడిగా నుండెను. బారులో మిగిలిన పిల్లవాడు ఎవ్వడును లేడు.