అమ్మలుకి, రాక్స్‌బర్గ్ పుట్టిన సంవత్సరం గురించి

కూర్మన్నపాలెం
ఆదివారం

అమ్మలూ,

వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ గురించి సెమినారు కోసం నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే మీ పెదనాన్న ఆగిపోయాడు.

"1759లో పుట్టాడు" అని రాసి ఊరుకున్నావు. ఎవరు చెప్పారు? కొన్ని పుస్తకాల్లో 1759 ఉంది, మరికొన్నింట్లో 1751. వేళ్ల మీద లెక్క చూడు. అతను మద్రాసులో ఈస్టిండియా కంపెనీ సహాయ వైద్యుడిగా చేరింది 1776లో. అంతకుముందే కంపెనీ ఓడల్లో పనిచేశాడు. 1759 నిజమైతే మద్రాసు కొలువు నాటికి పదిహేడేళ్లు! మీసం రాని కుర్రాడు అప్పటికే వైద్యం నేర్చి, సముద్రాలు తిరిగొచ్చాడా? అందుకే మొగ్గు 1751 వైపు. అలాగని మొగ్గు రుజువైపోదు. ఎయిర్‌షైర్‌లో అతని ఊరి చర్చి బాప్తిజం రిజిస్టరు చూసి రాసినవాళ్లు ఎవరో పట్టుకో. పది పుస్తకాలు ఒకే మాట అన్నాయని పదిమంది సాక్షులనుకోకు. తొమ్మిది మొదటిదాన్ని చూసి రాసినవి కావచ్చు.

మీ పెదనాన్న స్టీల్ ప్లాంటులో చేరిన కొత్తలో బిల్లెట్ యార్డులో డ్యూటీ. హీట్ నంబరు చెరిగిపోయిన బిల్లెట్ కనిపిస్తే ఫోర్‌మన్ పక్కకు తీయించేవాడు. "బాగానే ఉంది కదండీ" అన్నా వినేవాడు కాదు. ఏ హీట్‌లో పోశారో తెలియనిది లారీ ఎక్కకూడదు, అంతే. ఎక్కడిదో తెలియని సంవత్సరమూ అలాంటిదే. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే మాత్రం అందరికీ పెట్టేవాడు. మీ పెద్దమ్మ చింతకాయ పచ్చడంటే ఆయనకి ప్రాణం.

నువ్వు వేళకి తింటున్నావా? మెస్ మూసేదాకా లైబ్రరీలో కూర్చోకమ్మా.

రెండోది, సామర్లకోటలో ఉండగానే ఫ్లోరా ఇండికా ప్రచురించాడని రాశావు. సామర్లకోటలో మిరియాల సాగు ప్రయత్నించిన మాట నిజమే. 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్లాడు, 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. ఫ్లోరా ఇండికా మొదటి సంపుటాన్ని విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేసింది 1820లో! అందులో మరో వృక్షశాస్త్రవేత్త వాలిచ్ చేర్చిన మొక్కలూ ఉన్నాయి. కాబట్టి ఏ వాక్యం రాక్స్‌బర్గ్‌ది, ఏది వాలిచ్‌ది అన్నది చూడకుండా "రాక్స్‌బర్గ్ అన్నాడు" అని రాయకు. మన తీరంలో చేసిన పని కావాలంటే కోరమాండల్ మొక్కల పుస్తకం చూడు. 1795లో లండన్‌లో మొదలై, 300 బొమ్మలతో మూడు సంపుటాలైంది.

దానికి ముందుమాట రాసిన పాట్రిక్ రస్సెల్ మన విశాఖపట్నంలో ఉన్నవాడే. రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఉన్నది అతని పేరే. 1756 నాటి అలెప్పో పుస్తకాన్ని కూడా అతనికే కట్టబెట్టావు. అది అన్న అలెగ్జాండర్‌ది. తమ్ముడు 1794లో పెంచి మళ్లీ వేశాడు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన పుస్తకం ఇద్దరిదీ అవుతుందా? మీ నాన్న ఎక్కాలు చదివితే మార్కులు మీ పెదనాన్నకి వేశారా?

కోప్పడుతున్నాడనుకోకు. మన ఇంట్లో మొక్కల పేర్లు ఇంత ఇష్టంగా పలికే పిల్ల నువ్వొక్కదానివే.

ప్రతి సంవత్సరం పక్కనా ఎక్కడ చూశావో, ఏ పేజీలో చూశావో పెన్సిల్‌తో రాయి. దొరకనిది కొట్టెయ్. దిద్దిన ప్రతి శుక్రవారం లోపు పంపితే, గైడుకి ఇచ్చేలోగా మీ పెదనాన్న ఇంకోసారి చూస్తాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న