ఇంటి మీద సోలార్: కరెంటు ఎవరి బాధ్యత?

మా కె.గంగవరం డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఎలా బిగించారో పై వీడియోలో చూశారు కదండీ. ప్రకృతి వ్యవసాయం పాఠాల్లో ఇదెందుకని కొందరు అడిగారు. విత్తనం, ఎరువు బయట కొనకూడదు అనుకునేవాళ్లకి కరెంటు సంగతీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. "ఎవరి కరెంటు వాళ్లే చేసుకోవాలి" అని ఒకరు, "అది ప్రభుత్వం చూడాల్సిన పని" అని ఒకరు. ఈ వాదన మా ఊళ్లో టీ కొట్టు దగ్గర రోజూ ఉన్నదే. ముందు లెక్క చూద్దాం.

ఒక కిలోవాటుకి సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావాలి. రోజుకి సగటున 4 యూనిట్లు వస్తాయి. అంటే 3 కిలోవాట్లకి నెలకి 300 యూనిట్ల పైమాటే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. ఆపైన ఎంత పెట్టించినా అంతే. మన రాష్ట్రంలో బీసీలకి కిలోవాటుకి 10,000 చొప్పున 20,000 దాకా అదనం. ఎస్సీ, ఎస్టీల ఇళ్లకి 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది.

ఇప్పుడు బిల్లు తీసి చూడండి. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. నెలకి 300 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖరీదే సుమారు 1,673 రూపాయలు. 75 యూనిట్ల ఇంటికి 192. మిగతా చార్జీలు వేరే. ఏసీ ఉన్న డాబా ఇంటికి సోలార్ పెట్టుబడి కొన్నేళ్లలో తిరిగొస్తుంది. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న ఇంటికి సొంత డబ్బుతో పెడితే ఎప్పటికి వచ్చేను? పైగా పెంకుటింటి మీద, తాటాకింటి మీద బిగించేది ఎక్కడ? "ఎవరిది వాళ్లే" అన్న మాట డాబా ఉన్నవాళ్ల నోట తేలిగ్గా వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. 192 రూపాయలకి ఆ ఇంటికి కరెంటు అందుతోందంటే, మిగతా ఖర్చు పై శ్లాబుల వాళ్లు, షాపులు, ఫ్యాక్టరీలు, ప్రభుత్వ సబ్సిడీ కలిసి మోస్తున్నట్టు. పై శ్లాబుల వాళ్లంతా సోలార్‌కి పోతే స్తంభాలకీ, ట్రాన్స్‌ఫార్మర్లకీ, లైన్‌మేన్ జీతానికీ డబ్బు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. అలాగని మనం పెట్టించుకోకూడదనీ కాదు. మధ్యాహ్నం మన ఇంట్లో మిగిలిన యూనిట్లు దూరం పోవు, పక్కింటి ఫ్యాను తిప్పుతాయి. ఆ మేరకు లైను నష్టమూ తగ్గుతుంది.

చాలామందికి తెలియనిది అసలు ఇది. బ్యాటరీ లేకుండా నెట్ మీటరుతో పెట్టిన సోలార్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, నడినెత్తిన సూర్యుడు మండుతున్నా సరే. మన ఇన్వర్టర్ నుంచి కరెంటు లైన్లోకి వెళ్తే స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది, అందుకే ఆ ఏర్పాటు. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లకి, నిన్నగాక మొన్న 2025 అక్టోబరులో మొంథా చూసినవాళ్లకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. స్తంభాలు పడితే మన కప్పు మీది కరెంటూ మనది కాదు. తుపాను రోజుల్లో దీపం కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం అడగండి. ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీ మార్చే ఖర్చు మళ్లీ వేరు.

నాకు ఇది కాలువ వ్యవహారంలాగే కనిపిస్తుంది. బోదె తవ్వుకోవడం, గట్టు వేసుకోవడం రైతు పని. 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టని ఏ ఒక్క రైతూ కట్టుకోలేదు. బోరు ఉన్నవాడు కాలువ పూడిక గురించి అడగడం మానేస్తే చివరి ఆయకట్టు ఎండుతుంది. కరెంటు ప్రభుత్వ బాధ్యత అన్న మాట కూడా ఊరికే రాలేదు. చార్జీల పెంపు మీద ఆందోళనలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది.

కోనసీమలో కొబ్బరి నీడ సంగతి మరువకండి. ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద మట్ట నీడ పడినా ఆ వరస దిగుబడి తగ్గుతుంది, బోదెలో ఒకచోట గడ్డి అడ్డం పడ్డట్టు. నీడ కోసం కాపు కాసే చెట్టు కొట్టేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి కాయనిచ్చే చెట్టు అది, నీడా ఇస్తుంది, కింద అంతర పంటకి చోటూ ఇస్తుంది. నీడ పడే చోట తక్కువ ప్యానెళ్లు వేయండి, లేదా ఒక్కో ప్యానెల్‌కి విడిగా మైక్రో ఇన్వర్టర్ అడగండి. దక్షిణం వైపు, 15 నుంచి 17 డిగ్రీల వాలు చాలు. గోదావరి గాలికి ఎత్తుగా లేపొద్దు. గాల్వనైజ్డ్ స్టాండు, బిగువైన బోల్టులు తప్పనిసరి.

ఉచితంగా పెట్టే ఇళ్ల గురించి గ్రామసభలో ఒక్కటి గట్టిగా అడగాలి. పెట్టిన కంపెనీ 5 ఏళ్లు చూసుకుంటుంది. ప్యానెల్ 25 ఏళ్లు ఉంటుంది, ఇన్వర్టర్ అన్నేళ్లు రాదు. ఆరో ఏట అది పాడైతే కూలికి వెళ్లే మనిషి కొత్తదానికి డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. సోలార్ పెట్టారు కదా అని ఆ రాయితీ తీసేస్తారా, ఉంచుతారా? కాగితం మీద రాయించుకోవాలి. కప్పు లేనివాళ్ల కోసం బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద పెట్టి ఆ యూనిట్లు వాళ్ల బిల్లులో తగ్గించమనీ అడగొచ్చు.

ప్యానెళ్లు ఎండ ఎక్కకముందే, పొద్దున్నే ఉత్త నీళ్లతో కడగండి, సబ్బు వద్దు. ఆ నీళ్లు మేము తోటకూర మడికి మళ్లించాం. నెట్ మీటరు బిల్లులో ఇచ్చిన యూనిట్లు, తీసుకున్న యూనిట్లు ఎలా చదవాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.