లేబర్, కూలీ, వర్కర్... ఏ మాట ఎక్కడ వాడాలి?

నాట్లు, కలుపులు, కోతలు వచ్చాయంటే ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా వినబడేది ఒకటే మాట: ‘లేబర్ దొరకడం లేదు.’ పెద్ద చదువులు చదవని వారు కూడా ఈ ఇంగ్లీషు మాటను ధారాళంగా వాడేస్తున్నారు. వాడుకలో తప్పేమీ లేదు. అయితే కాగితం మీదికి వచ్చేసరికి ఒక మాట బదులు ఇంకో మాట పడితే డబ్బు దగ్గరా హక్కు దగ్గరా తేడా వస్తుంది. అందుకే రైతు సోదరులు, సోదరీమణులు ఈ మాటల సంగతి కాస్త తెలుసుకోవడం మంచిది.

లేబర్ అంటే...

లేబర్ అంటే అసలు అర్థం శ్రమ. శ్రమ చేసేవారందరినీ కలిపి కూడా లేబర్ అంటారు. అందుకే ‘పది లేబర్లు వచ్చారు’ అనడం ఇంగ్లీషులో చెల్లదు. ఒక మనిషి అయితే లేబరర్. ఆస్పత్రిలో ‘లేబర్ రూమ్’ అంటే కాన్పుల గది. పురిటి నొప్పులకూ అదే మాట. మన రైతులు మాత్రం తరచుగా ‘ఎకరానికి ఎంతమంది మనుషులు పట్టారు?’ అని అడుగుతారు. నిజానికి అన్నిటికంటే మర్యాదైన మాట అదే.

వర్కర్ అంటే పనిచేసే వారెవరైనా సరే. స్టాఫ్ అంటే ఆఫీసు సిబ్బంది. మేస్త్రీ అన్నది పోర్చుగీసు నుంచి, హమాలీ అన్నది అరబ్బీ నుంచి వచ్చి మన నోళ్లలో కలిసిపోయాయి. హమాలీ అంటే బరువులు మోసే వాడు. మార్కెట్ యార్డులో మీకిచ్చే చిట్టీలో హమాలీ కింద ఎంత పట్టుకున్నారో చూసుకోవడం మరువకండి.

కూలి వేరు, కూలీ వేరు

కూలి అంటే చేసిన పనికిచ్చే డబ్బు. కూలీ అంటే ఆ పని చేసిన మనిషి. ఈ మాటే ‘కూలీ’గా ఇంగ్లీషులోకి కూడా ఎక్కింది. 1860లో మద్రాసు నుంచి ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు మన వాళ్లను ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. అలా వెళ్లిన వారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడి తెల్లవారు భారతీయులందరినీ ఆ మాటతోనే పిలిచేవారు. బారిస్టరుగా వెళ్లిన గాంధీజీని సైతం ‘కూలీ బారిస్టర్’ అన్నారు. అందుకే నేటికీ ఆ దేశంలో అది తిట్టు కింద లెక్క. మన దగ్గర తిట్టు కాదు గానీ, ‘ఏరా కూలోడా’ అని పిలిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పేరు పెట్టి పిలిస్తే పోయేదేముంది?

పాలేరు, జీతగాడు

ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని పనికి కుదిరిన వాణ్ణి కోస్తాలో పాలేరు అనీ, తెలంగాణలో జీతగాడు అనీ అంటారు. జీతానికి ఉండటం వేరు, అప్పు కింద కట్టుబడి ఉండటం వేరు. అప్పు తీరేదాకా కదలకూడదు అంటే అది వెట్టి. వెట్టిచాకిరీని 1976 నాటి చట్టం రద్దు చేసింది. బాకీ ఉన్నా సరే, మనిషిని ఆపే హక్కు ఎవరికీ లేదు.

రోజు కూలా, గుత్తా?

తగాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఉదాహరణకు పది మంది ముఠాకు ఎకరం నాటు 5,000 రూపాయల గుత్తకు ఇచ్చారనుకోండి. మనిషికి 500 పడుతుంది. సగం నాటాక వాన పట్టుకుంది. రోజు కూలి అయితే పూటకు లెక్క కట్టి ఇచ్చేయవచ్చు. గుత్త అయితే మిగిలిన సగం ఎప్పుడు వేస్తారు, ఎవరు వస్తారు అన్నది తేలదు. నారు ముదిరితే నష్టం మీదే. కనుక పని మొదలుపెట్టక ముందే రోజు కూలో గుత్తో తేల్చుకుని, పని ఆగితే ఏం చేయాలో కూడా మాట్లాడుకోవాలి. ఒకే పనికి ఆడవారికి తక్కువ, మగవారికి ఎక్కువ ఇవ్వకూడదన్నది 1976 నుంచీ చట్టంలో ఉన్న మాటే.

రైతా? కూలీనా?

రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు, అయిదెకరాల లోపు ఉంటే చిన్నకారు రైతు. వీరిలో చాలామంది తమ పని అయ్యాక పక్క పొలానికి కూలికి పోయేవారే. ఇందులో నామోషీ లేదు. 2011 జనగణనలో దేశంలో సాగుదారులు సుమారు 11.9 కోట్లు ఉంటే వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు. 2001లో సాగుదారులే ఎక్కువ. పదేళ్లలో లెక్క తిరగబడింది.

జనగణనలో ‘మార్జినల్ వర్కర్’ అంటే సన్నకారు రైతు అనుకోకండి. ఏడాదిలో ఆరు నెలల కంటే తక్కువ పని దొరికిన వారని అర్థం. ఇంకో ముఖ్య విషయం. సొంత పొలంలో కూలి తీసుకోకుండా చేసిన సేద్యం కూడా పని కిందే లెక్క. ‘మీ ఆవిడ ఏం చేస్తుంది?’ అని అడిగితే మనం ‘ఇంట్లోనే ఉంటుంది’ అనేస్తాం. తెల్లవారకముందే లేచి కలుపు తీసి, పశువులకు మేత వేసే మనిషి ఆ ఒక్క జవాబుతో లెక్కలోంచి జారిపోతుంది. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు ‘సేద్యం చేస్తుంది’ అని చెప్పి రాయించండి.

చిట్టీలో ఏం రాయాలి?

పేరు, తేదీ, పని, ఎన్ని రోజులు లేక ఎన్ని ఎకరాలు, రేటు, ఇచ్చింది, బాకీ. ఈ ఏడూ ఉంటే చాలు. ‘లేబర్ ఖర్చు’ అని ఒక్క ముక్కలో రాసుకుంటే పంట చివర ఏ పనికి ఎంత పోయిందో తెలియదు. నాటు, కలుపు, మందు పిచికారీ, కోత, హమాలీ విడివిడిగా రాసుకుంటే వచ్చే ఏడాది ఎక్కడ తగ్గించుకోవచ్చో మీకే కనబడుతుంది. రాయడం రాకపోతే బడికి పోయే పిల్లల చేత రాయించండి.